మన్నిక చెడకుండా చిన్న కారు ఇంజన్‌లో శక్తి పెంచుకోవడం: ఏ పని ముందు, ఏ పని తర్వాత

కారు పికప్ పెంచుకోవాలంటే ఏం మార్చాలని అడిగేవారిలో చాలామంది అప్పటికే ఒక ఫిల్టరో, ఒక సైలెన్సరో కొనేసి ఉంటారు. వస్తువును ముందు కొని అవసరాన్ని తర్వాత వెతుక్కుంటే డబ్బూ పోతుంది, ఇంజనూ పాడవుతుంది. అందుకే ఇక్కడ ఏ పని ముందు చేయాలి, ఏది తర్వాత, ఎక్కడ ఆగిపోవాలి అనే వరుసనే ప్రధానంగా వివరిస్తున్నాను.

ఉదాహరణగా 2018లో మన దేశంలో విడుదలైన స్విఫ్ట్‌లోని 1.2 లీటర్ పెట్రోలు ఇంజన్‌ను తీసుకుందాం. నాలుగు సిలిండర్లు, 1197 సీసీ, టర్బో లేదు. 6000 ఆర్‌పీఎం (ఇంజన్ నిమిషానికి తిరిగే చుట్లు) వద్ద 83 పీఎస్ (మెట్రిక్ హార్స్‌పవర్) శక్తి, 4200 ఆర్‌పీఎం వద్ద 113 న్యూటన్ మీటర్ల టార్క్ (తిప్పే బలం) ఇస్తుంది. ఇదే తరహా చిన్న పెట్రోలు ఇంజన్ ఉన్న ఏ కారుకైనా ఈ పద్ధతి వర్తిస్తుంది. డీజిల్ కార్లకూ టర్బో కార్లకూ లెక్కలు వేరు కాబట్టి వాటి జోలికి వెళ్లడం లేదు.

1. లక్ష్యాన్ని అంకెల్లో రాసుకోండి

టార్క్‌ను ఆర్‌పీఎంతో గుణించి 9549తో భాగిస్తే శక్తి కిలోవాట్లలో వస్తుంది. 83 పీఎస్ అంటే సుమారు 61 కిలోవాట్లు. అంటే 6000 ఆర్‌పీఎం వద్ద ఈ ఇంజన్ ఇచ్చే టార్క్ దాదాపు 97 న్యూటన్ మీటర్లే. 4200 వద్ద 113 ఉన్నది పైకి వెళ్లేసరికి 97కు పడిపోతోంది, ఎందుకంటే అంత వేగంలో సిలిండర్లు నిండుగా గాలి పీల్చుకోలేవు.

ఆ పడిపోవడాన్ని కొంత ఆపి 6000 వద్ద 103 న్యూటన్ మీటర్లు నిలబెట్టగలిగితే శక్తి సుమారు 88 పీఎస్ అవుతుంది. మనం చేయబోయే పని మొత్తం ఇదే. 2021లో కంపెనీయే సిలిండర్‌కు రెండు ఇంజెక్టర్లు పెట్టి, వాల్వ్ టైమింగ్ వ్యవస్థను మెరుగుపరచి, అదే 1197 సీసీ నుంచి 90 పీఎస్ తీసింది. గరిష్ఠ టార్క్ మాత్రం 113 వద్దనే ఉండిపోయింది. అంత పెద్ద సంస్థ కొత్తగా రూపకల్పన చేసి 7 పీఎస్ సాధించిన చోట, ఒక్క రీమ్యాప్‌తో (ఇంజన్ కంప్యూటర్‌లోని సెట్టింగులు మార్చడంతో) 20 పీఎస్ ఇస్తామని ఎవరైనా అంటే ఆ షెడ్డులో తాళం ఇవ్వకుండా వచ్చేయండి.

బరువు లెక్క కూడా పక్కనే రాసుకోవాలి. డ్రైవరుతో కలిపి 1000 కిలోలున్న కారు డిక్కీలోంచి 60 కిలోల అనవసరపు సామాను దింపేస్తే, పికప్ విషయంలో అది 5 పీఎస్ పెరిగినదానితో సమానం. దీనికి ఖర్చు లేదు, ఇంజన్ మీద భారమూ లేదు.

2. ఇంజన్ ఆరోగ్యాన్ని పరీక్షించండి

ఈ దశను దాటవేసినవారే తర్వాత ఎక్కువ బాధపడుతున్నారు. ఒక సిలిండర్ బలహీనంగా ఉన్న ఇంజన్‌కు రీమ్యాప్ చేయిస్తే, కొండ నాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడిన చందమే అవుతుంది.

కంప్రెషన్ పరీక్ష (ఒక్కో సిలిండర్‌లో పిస్టన్ గాలిని ఎంత ఒత్తిడితో నొక్కుతోందో కొలవడం) ఈ వరుసలో జరగాలి:

1. ఇంజన్‌ను మామూలు వేడికి తీసుకురావాలి. చల్లటి ఇంజన్ మీద తీసిన కొలత నమ్మదగినది కాదు.
2. ఫ్యూయల్ పంప్‌ ఫ్యూజును, ఇగ్నిషన్ కాయిళ్ల కనెక్టర్లను తీసేయాలి.
3. నాలుగు ప్లగ్గులూ విప్పాలి. ఒక్కటే విప్పి కొలిస్తే స్టార్టర్ మోటార్ మందగించి లెక్క తప్పుతుంది.
4. ప్లగ్గు రంధ్రంలో ప్రెషర్ మీటర్ బిగించి, త్రాటిల్ (ఇంజన్‌లోకి గాలిని వదిలే పలక) పూర్తిగా తెరిచి ఉంచి, మీటర్ ముల్లు ఇక కదలనంతవరకు స్టార్టర్‌తో తిప్పాలి. నాలుగింటికీ ఒకే సంఖ్యలో తిప్పాలి.
5. అంకెలను సిలిండర్ వారీగా తేదీతో సహా రాసుకోవాలి.

సర్వీస్ మాన్యువల్‌లో ఇచ్చిన కనీస విలువకు తగ్గకూడదు. సిలిండర్ల మధ్య తేడా 10 శాతం మించకూడదు. ఏదైనా తక్కువ చూపితే ఆ సిలిండర్‌లో ప్లగ్గు రంధ్రం గుండా ఒక చెంచాడు ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ కొలవండి. ఆయిల్ పిస్టన్ చుట్టూ దిగి రింగుల సందును కొద్దిసేపు మూసేస్తుంది. అంకె గబుక్కున పెరిగితే లోపం రింగుల్లోనో, బోరులోనో (సిలిండర్ లోపలి గోడలోనో) ఉన్నట్లు; ఏమీ మారకపోతే వాల్వులను, హెడ్ గ్యాస్కెట్‌ను అనుమానించాలి.

ముందుకు వెళ్లే ముందు వీటికి కూడా జవాబు ఉండాలి:

- రెండు సర్వీసుల మధ్య ఆయిల్ మట్టం ఎంత తగ్గుతోంది?
- కూలెంట్ తగ్గుతోందా? ఆయిల్ మూత కింద పాలమీగడలాంటి పూత కనిపిస్తోందా?
- ఉదయం స్టార్ట్ చేయగానే టైమింగ్ చైన్ గలగలలాడుతోందా?
- స్కానర్‌లో (కారు కంప్యూటర్‌ను చదివే పరికరంలో) పాత లోపాల కోడ్లు ఏవైనా మిగిలి ఉన్నాయా?

ఒక్కదానికి సరైన జవాబు లేకపోయినా, శక్తి పెంచే ఆలోచన పక్కన పెట్టి ముందు ఆ మరమ్మతు చేయించండి.

3. పోయిన శక్తిని ముందుగా వెనక్కి తెచ్చుకోండి

80 వేల కిలోమీటర్లు తిరిగిన కారు 83 పీఎస్ ఇస్తోందని అనుకోవడానికి లేదు. కంపెనీ ఇచ్చిన శక్తిలో కొంత ఎక్కడెక్కడో జారిపోయి ఉంటుంది. దాన్ని తిరిగి రాబట్టడమే అన్నిటికన్నా చౌకైన, నూటికి నూరుపాళ్లు ప్రమాదం లేని పని.

ప్లగ్గులతో మొదలుపెట్టండి. విప్పిన నాలుగింటినీ సిలిండర్ల వరుసలోనే ఒక కాగితం మీద పేర్చి వెలుతురులో చూడండి. మొనమీది తెల్లటి పింగాణీ లేత గోధుమరంగులో ఉంటే దహనం బాగున్నట్లు. పొడి మసి ఉంటే పెట్రోలు ఎక్కువవుతోంది, జిడ్డు నలుపు ఉంటే ఆయిల్ లోపలికి దిగుతోంది, సున్నం కొట్టినట్లు తెల్లగా పొక్కులతో ఉంటే అక్కడ వేడి మితిమీరుతోంది. నాలుగింటిలో ఒక్కటే వేరుగా కనిపిస్తే ఆ సిలిండర్ ఇంజెక్టర్, కాయిల్ చూడాలి. కొత్త ప్లగ్గులు మాన్యువల్ చెప్పిన నంబరువే వేయండి. బిగించేటప్పుడు టార్క్ రెంచ్ తప్పనిసరి. హెడ్ అల్యూమినియంది కాబట్టి బలంకొద్దీ బిగిస్తే మర చెడిపోతుంది.

తర్వాత త్రాటిల్ బాడీ శుభ్రం చేయించండి. దాని పలకను చేత్తో బలవంతంగా తోయకూడదు, లోపలి పళ్ల చక్రాలు దెబ్బతింటాయి. శుభ్రం చేశాక స్కానర్‌తో ఐడిల్‌ను (యాక్సిలరేటర్ తొక్కనప్పుడు ఇంజన్ తిరిగే వేగాన్ని) కారు కంప్యూటర్‌కు తిరిగి నేర్పించాలి.

స్కానర్‌లో ఫ్యూయల్ ట్రిమ్ విలువలు (పెట్రోలు మోతాదును కంప్యూటర్ ఎంత కూడుతోందో, తగ్గిస్తోందో చెప్పేవి) చూడండి. స్వల్పకాలికం, దీర్ఘకాలికం రెండూ కలిపి 5 శాతం లోపు అటూ ఇటూగా ఉంటే మంచిది. 10 శాతం దాటి కూడుతున్నట్లు చూపితే ఎక్కడో గాలి లీకవుతోంది, లేదా పెట్రోలు ఒత్తిడి చాలడం లేదు.

ఇక చక్రాల దగ్గర పోయే శక్తి. నాలుగో గేరులో 50 కిలోమీటర్ల వేగం నుంచి యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడు ఆర్‌పీఎం ఎగబాకి వేగం పెరగకపోతే క్లచ్ ప్లేట్ జారుతున్నట్లే. పది కిలోమీటర్లు బ్రేకు తక్కువగా వాడుతూ నడిపి ఆపాక, నాలుగు చక్రాల దగ్గరా చేయి కాస్త దూరంగా పెట్టి చూడండి. ఒక చక్రం దగ్గరే సెగ ఎక్కువగా తగిలితే అక్కడ బ్రేకు పట్టేస్తోంది. ఎవరో కొత్త ఫిల్టర్ వేసుకుని లాభం లేదనుకున్న కారులో అసలు లోపం ఇలా పట్టేసిన కాలిపర్ కావడం నేను ఒకటికి రెండుసార్లు చూశాను.

4. కొలిచి రాసుకోండి

చెవికి వినిపించే మోత శక్తి కాదు. కొలత లేనిదే ఏ మార్పు పనిచేసిందో తెలియదు.

డైనో (కారు శక్తిని కొలిచే యంత్రం) అందుబాటులో ఉంటే వరుసగా మూడు పరుగులు తీయించి సగటు తీసుకోండి. డైనో చూపేది చక్రాల దగ్గరి శక్తి కాబట్టి, కంపెనీ చెప్పిన అంకెకన్నా సాధారణంగా 10 నుంచి 15 శాతం తక్కువ ఉంటుంది. దాన్ని చూసి కంగారు పడనక్కరలేదు. ముందూ తర్వాతా ఒకే యంత్రం మీద, వీలైనంతవరకు ఒకే వాతావరణంలో కొలవాలి.

డైనో లేకపోతే మూడో గేరులో 40 నుంచి 80 కిలోమీటర్ల వేగానికి పట్టే సమయాన్ని జీపీఎస్ యాప్‌తో కొలవవచ్చు. ఖాళీగా, సమతలంగా ఉండి, వేగ పరిమితి అనుమతించే రోడ్డు కావాలి. అటు నాలుగుసార్లు, ఇటు నాలుగుసార్లు తీసి సగటు లెక్కించండి. ట్యాంకులో పెట్రోలు, టైర్లలో గాలి, కారులో మనుషులు ప్రతిసారీ ఒకే తీరులో ఉండాలి, ఏసీ ఆపి ఉండాలి.

5. చట్టం, బీమా, వారంటీ: ఖర్చుపెట్టే ముందే చూసుకోండి

మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చకూడదు. సుప్రీంకోర్టు 2019లో ఈ విషయాన్ని స్పష్టం చేసింది. అదే ఏడాది సవరణతో చేరిన 182ఎ సెక్షన్ ప్రకారం, అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ పడవచ్చు.

పై మూడు, నాలుగు దశల్లో చేసినవాటికి ఈ చిక్కు లేదు. ఎగ్జాస్ట్, రీమ్యాప్ దగ్గర ఉంది. వారంటీ నడుస్తున్న కారుకు రీమ్యాప్ చేయిస్తే ఇంజన్ వారంటీ వదులుకున్నట్లే. బీమా సంస్థకు చెప్పని మార్పు ఉంటే ప్రమాదం జరిగినప్పుడు క్లెయిమ్ తిరస్కరించే అవకాశముంది. రోజూ కుటుంబం తిరిగే కారైతే ఆరో దశతో ఆగిపోవడమే నా సలహా. ఆ తర్వాతి ఎగ్జాస్ట్, రీమ్యాప్ ట్రాక్ మీద నడిపే కార్లకు, అనుమతులన్నీ చూసుకున్నవారికి.

6. ఇంజన్‌కు చల్లటి గాలి అందించండి

మన ఎండల్లో శక్తికి మొదటి శత్రువు వేడి. గాలి 30 డిగ్రీల నుంచి 45 డిగ్రీలకు వేడెక్కితే దాని సాంద్రత దాదాపు 5 శాతం తగ్గుతుంది. బానెట్ కింద 65 డిగ్రీల గాలి పీలిస్తే 10 శాతం పోతుంది.

నేను ఒక వేసవిలో మూతలేని కోన్ ఫిల్టర్ బిగించుకుని హైదరాబాద్ నుంచి విజయవాడ బయలుదేరాను. పంతంగి టోల్‌గేటు దగ్గర బండ్ల వరుసలో నిలబడినప్పుడు స్కానర్‌లో ఇన్‌టేక్ గాలి ఉష్ణోగ్రత 41 నుంచి మొదలై చూస్తుండగానే 68కి చేరింది. గేటు దాటాక కారు కిలోమీటరు దూరం వరకు బరువెక్కినట్లు కదిలింది. శబ్దం మాత్రం ఎంతో గంభీరంగా ఉంది. మర్నాడే కంపెనీ ఎయిర్‌బాక్స్ తిరిగి బిగించాను.

అందువల్ల కంపెనీ ఎయిర్‌బాక్స్‌నే ఉంచి, ఈ పనులు చేయండి:

1. బాక్సుకు ముందుండే గొట్టం బయటి గాలిని తీసుకునే చోటే ఉందా, ఊడి ఇంజన్ వైపు తిరిగిందా చూడండి. పాత కార్లలో దాని క్లిప్పులు విరిగి ఉండడం మామూలు.
2. కొత్త పేపర్ ఫిల్టర్ వేసి, బాక్సు క్లిప్పులన్నీ పూర్తిగా పట్టాయో లేదో సరిచూడండి.
3. గొట్టం ఎగ్జాస్ట్‌కు దగ్గరగా వెళ్తుంటే ఆ భాగానికి వేడిని ఆపే చుట్టు వేయండి.
4. వెయ్యి కిలోమీటర్ల తర్వాత ఫిల్టర్ దాటిన వైపు గొట్టంలో తెల్ల గుడ్డ చుట్టిన వేలితో తుడవండి. గుడ్డకు దుమ్ము అంటితే ఆ ఫిల్టర్‌ను ఇక నమ్మవద్దు.

చివరి పరీక్షను తేలిగ్గా తీసుకోకండి. చీమకుర్తి, కరీంనగర్ వంటి గ్రానైట్ ప్రాంతాల్లో లారీల వెనుక లేచే రాతి దుమ్ము రింగులను, బోరును ఉప్పుకాగితంలా అరగదీస్తుంది. ఎక్కువ గాలి వదిలే ఫిల్టర్ ఎక్కువ దుమ్మునూ వదలవచ్చు. ఒక్క పీఎస్ కోసం లక్ష కిలోమీటర్ల మన్నికను పణంగా పెట్టడం నాకు సమ్మతం కాదు.

7. ఎగ్జాస్ట్

ముందు ఉన్నది మూసుకుపోయిందేమో చూడండి. క్యాటలిటిక్ కన్వర్టర్‌కు (పొగలోని విషవాయువులను తగ్గించే భాగానికి) ముందున్న ఆక్సిజన్ సెన్సార్ విప్పి, ఆ రంధ్రంలో ప్రెషర్ మీటర్ బిగించి, 2500 ఆర్‌పీఎం వద్ద కొలవాలి. 3 పీఎస్‌ఐ దాటితే కన్వర్టర్ అడ్డుపడుతున్నట్లు.

మార్చదలచుకుంటే కన్వర్టర్‌ను, రెండు సెన్సార్లను అలాగే ఉంచి, దాని వెనుక భాగం మాత్రమే మార్చండి. 1.2 లీటర్ ఇంజన్‌కు రెండు అంగుళాలకన్నా లావు గొట్టం అక్కరలేదు. మరీ లావైతే వాయువుల వేగం మందగించి, ఊళ్లో నడిపేటప్పుడు అవసరమైన కింది ఆర్‌పీఎం టార్క్ పోతుంది. కన్వర్టర్ తీసేస్తే కాలుష్య పరీక్షలో నిలవదు. నలుగురు పీల్చే గాలి చెడుతుంది. ఆ పని చేయకండి.

8. రీమ్యాప్

టర్బో లేని ఇంజన్‌లో రీమ్యాప్ వల్ల వచ్చేది కొద్ది పీఎస్‌లే. యాక్సిలరేటర్ స్పందన చురుగ్గా మారడం వల్ల అది ఎక్కువగా అనిపిస్తుంది. ఆ రెండింటినీ వేరుచేసి చూడాలి. పక్కింటి టర్బో కారు 25 శాతం పెరిగిందని మనమూ అంత కోరితే, పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్లవుతుంది.

ట్యూనర్‌తో పని మొదలయ్యే ముందు ఈ మాటలు ఖాయం చేసుకోండి:

- కంపెనీ ఒరిజినల్ ఫైలును చదివి, దాని నకలు మీకు ఇవ్వాలి.
- ఇంటర్నెట్‌లో దొరికిన సిద్ధం ఫైలు కాకుండా, మీ కారు లాగ్‌లు (నడుస్తున్నప్పుడు నమోదైన విలువలు) చూసి మార్చాలి.
- మార్పుకు ముందూ తర్వాతా డైనో కాగితాలు ఇవ్వాలి.
- రెవ్ లిమిట్ (ఇంజన్ దాటకూడని ఆర్‌పీఎం హద్దు), ఇంజన్ రక్షణ పరిమితులు ముట్టుకోకూడదు.

రెవ్ లిమిట్ గురించి ఒక లెక్క చెప్పాలి. పిస్టన్లను క్రాంక్‌కు కలిపే కడ్డీల మీద, పిస్టన్ల మీద పడే లాగుడు బలం ఆర్‌పీఎం వర్గంతో పెరుగుతుంది. 6000 నుంచి 6600కు వెళ్తే వేగం పెరిగేది 10 శాతం, బలం పెరిగేది 21 శాతం. పైగా ఈ ఇంజన్ టార్క్ అప్పటికే పడిపోతూ ఉంటుంది కాబట్టి అక్కడ దొరికే లాభం ఏమీ ఉండదు.

గాలి, పెట్రోలు నిష్పత్తిని లాంబ్డాలోనే (అసలు నిష్పత్తిని సమతుల్య నిష్పత్తితో భాగిస్తే వచ్చే అంకెలోనే) అడగండి. ఇథనాల్ కలవని పెట్రోలుకు సమతుల్య నిష్పత్తి 14.7; 20 శాతం ఇథనాల్ కలిసిన ఈ20కి అది సుమారు 13.5. పాత అంకెలతో ట్యూన్ చేస్తే లెక్క మొత్తం తప్పుతుంది. లాంబ్డా అయితే ఏ ఇంధనానికైనా ఒకటే. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడు 0.86 నుంచి 0.90 మధ్య ఉండాలి. 1కి దగ్గరగా వస్తే వేడి పెరిగిపోతుంది.

ఇగ్నిషన్ (ప్లగ్గు నిప్పురవ్వ వదిలే సమయం, క్రాంక్ తిరిగే డిగ్రీల్లో) విషయంలో చివరి డిగ్రీ వరకు పిండవద్దు. నాకింగ్ (సిలిండర్‌లో మిశ్రమం అదుపు తప్పి పేలడం) మొదలయ్యే చోటికి కనీసం రెండు డిగ్రీలు వెనుకనే ఉంచమనండి. చలికాలం ఉదయం డైనో మీద శుభ్రంగా నడిచిన మ్యాప్, మే నెలలో ఐదుగురితో, ఏసీతో శ్రీశైలం ఘాట్ ఎక్కేటప్పుడు వేరేలా ప్రవర్తిస్తుంది. రేకు డబ్బాలో గులకరాళ్లు కదిపినట్లు శబ్దం వస్తే వెంటనే కాలు వదిలి, తక్కువ గేరులోకి మారాలి.

మీ ఊరి బంకులో రోజూ దొరికే పెట్రోలుకే ట్యూన్ చేయించండి. 100 ఆక్టేన్ (నాకింగ్‌ను తట్టుకునే శక్తికి కొలత) పెట్రోలుకు చేయించి మామూలు పెట్రోలు పోస్తే నాకింగ్ తప్పదు. ట్యూన్ మారకుండా ఖరీదైన ఆక్టేన్ మాత్రమే పోసినా చెప్పుకోదగ్గ శక్తి రాదు.

9. ఆయిల్, కూలింగ్, బ్రేకులు

ఆయిల్ గ్రేడు మాన్యువల్ చెప్పినదే వాడండి. మార్చే వ్యవధిని మాత్రం 10 వేల నుంచి 6, 7 వేల కిలోమీటర్లకు తగ్గించండి. కూలెంట్ కొత్తది పోసి, రేడియేటర్ మూత రబ్బరు, ఫ్యాన్ రెండు వేగాల్లో తిరుగుతున్నదీ లేనిదీ చూడండి. బ్రేక్ ఫ్లూయిడ్ రెండేళ్లు దాటితే మార్చండి. టైర్లు గట్టిపడి ఉంటే, శక్తికి పెట్టదలచిన డబ్బును ముందు వాటికి పెట్టండి.

10. తరచుగా జరిగే తప్పులు, వాటి దిద్దుబాటు

- ఫిల్టర్, ఎగ్జాస్ట్, రీమ్యాప్ ఒకే రోజు చేయించడం. అన్నీ పాత స్థితికి తెచ్చి, ఒక్కొక్కటే పెట్టి కొలవండి.
- పెద్ద అల్లాయ్ చక్రాలు వేసి పికప్ తగ్గిందనడం. తిరిగే బరువు పెరగడమే కారణం. కంపెనీ కొలతకు, తేలిక చక్రానికి మారండి.
- చెక్ ఇంజన్ లైటు వస్తే కోడ్ చెరిపేయడం. ముందు కోడ్‌ను, ఆ క్షణపు విలువలను రాసుకుని కారణం వెతకండి.
- సెన్సార్‌ను మభ్యపెట్టే చౌక పెట్టెలు బిగించడం. అవి కంప్యూటర్‌కు తప్పుడు ఉష్ణోగ్రత చూపి ఇగ్నిషన్‌ను ముందుకు జరుపుతాయి. తీసేయడమే మందు.

11. మొదటి ఐదు వేల కిలోమీటర్లు

100 కిలోమీటర్ల దగ్గర గొట్టాల బిగింపులు, లీకులు చూడండి. 500 దగ్గర ఘాట్‌లోనో, పొడవాటి ఫ్లైఓవర్ మీదో పూర్తి లోడుతో లాగ్ తీసి, నాకింగ్ వల్ల ఇగ్నిషన్ ఎంత వెనక్కి తగ్గుతోందో పరిశీలించండి. అప్పుడొకసారి ఒకటి రెండు డిగ్రీలు తగ్గితే ఫరవాలేదు. ప్రతిసారీ తగ్గుతుంటే ట్యూనర్ దగ్గరికి తిరిగి వెళ్లాలి. 1000 దగ్గర ప్లగ్గులు విప్పి మళ్లీ కాగితం మీద పేర్చండి.

5000 దగ్గర కంప్రెషన్ పరీక్ష మళ్లీ చేయించి, కొత్త అంకెలను మొదట రాసుకున్న వాటి పక్కనే రాయండి. నాలుగూ నిలబడి ఉంటే అదే మ్యాప్‌తో కొనసాగవచ్చు. ఏ ఒక్క సిలిండరైనా స్పష్టంగా తగ్గితే ఆ రోజే ఒరిజినల్ ఫైలు ఎక్కించి, రెండో దశ నుంచి మళ్లీ మొదలుపెట్టండి.